నడిచే ఫిరంగి, నడవలేని ఊరు

తెలుగులో ఫిరంగికి సొంత పేరు లేదు. ఐరోపావారిని పారసీకులు ఫరంగీలనేవారు. ఆ మనుషుల పేరే వారి ఆయుధానికీ అంటుకొని మన దగ్గరకు ఫిరంగిగా చేరింది. తోపు, తుపాకి అనే మాటలు తురుష్కుల వైపు నుంచి వచ్చినవి. వాటిలో తోపు అంటే మనకు ఇప్పటికీ మామిడితోపే ముందుగా స్ఫురిస్తుంది. పండితులు రామాయణంలోని శతఘ్నిని తెచ్చి ఆర్టిలరీకి పర్యాయపదం చేశారు గాని, లంక కోటగోడ మీది ఆ శతఘ్ని ఎలా ఉండేదో రూఢిగా చెప్పగలవారు లేరు.

ఇదంతా భాషాభిమానుల కాలక్షేపమని కొట్టివేయవచ్చు. నేనట్లా అనుకోవడం లేదు. పేరు తప్పయితే ప్రశ్న తప్పవుతుంది. ప్రశ్న తప్పయితే ఎంత మంచి జవాబూ అక్కరకు రాదు. శంకరపల్లి నుంచి వికారాబాదు మీదుగా తాండూరు దాకా పోయే రైలుదారి వెంట ఈ సంగతి చక్కగా కనిపిస్తుంది. శంకరపల్లికి దగ్గరలో, ఎద్దుమైలారంలో, సైన్యానికి కవచ వాహనాలు చేసే కర్మాగారం ఉన్నది. వికారాబాదుకు దగ్గరలో, దామగుండం అడవిలో, నావికాదళం ఒక కేంద్రాన్ని నిర్మించ తలపెట్టింది. మొదటిచోట తయారయ్యేవన్నీ చాలామందికి ట్యాంకులే. రెండవచోట వచ్చేది రాడారు. ఈ రెండు పేర్లూ సరైనవి కావు.

ముందు ట్యాంకు సంగతి చూద్దాం. గొలుసుపట్టాల మీద నడుస్తూ, పైన ఒక గొట్టం కనిపించిన ప్రతి వాహనాన్నీ ట్యాంకు అనడం మనకు అలవాటు. ట్యాంకు పని వేరు. అది తనకు కనిపించే శత్రువును ఎదురుగా నిలిచి కొడుతుంది. అందుకే దానికి దళసరి కవచం కావాలి. సెల్ఫ్ ప్రొపెల్డ్ ఆర్టిలరీ అని ఇంగ్లీషువాళ్ళు చెప్పేది ఇంకొకటి. దాన్ని నడిచే ఫిరంగి అందాం. అది తనకు కనిపించనివాణ్ణి కొడుతుంది. కొండకు ఈవల నిలిచి, ఆవల ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటును లెక్కగట్టి గుండు వేస్తుంది. వేసిన మరుక్షణం అక్కడి నుంచి జారుకుంటుంది.

ఎందుకు జారుకోవాలి? గాలిలో వంపు తిరిగి వచ్చే గుండును ఎదుటివాని రాడారు కనిపెడుతుంది. ఆ వంపును వెనక్కి గీసుకుంటూ పోతే అది బయలుదేరిన చోటు తెలిసిపోతుంది. మన సైన్యం దగ్గరున్న స్వాతి అనే రాడారు ఈ పని కోసమే చేసినది. చోటు తెలిసిన కొద్ది నిమిషాల్లో అక్కడ ఎదురు గుండ్లు పడతాయి. లారీ వెనక కట్టి లాగే ఫిరంగిని విప్పి, పాతి, కాల్చి, మళ్ళీ కట్టుకొని పోవడానికి పట్టే వ్యవధిలోనే దాని ప్రాణం పోతుంది. నడిచే ఫిరంగికి ఆ ఎడం తక్కువ. 2022 నుంచి ఉక్రెయిన్‌లో సాగిన యుద్ధం ఈ పాఠాన్ని మరింత కఠినం చేసింది. డ్రోనులు ఆకాశంలో కాపలా కాయడం మొదలైన తరువాత, కదలడం ఒక్కటే చాలదు, దాక్కోవడం కూడా రావాలి అని తేలింది.

ఆయుధాల చరిత్రను బలం పెరిగిన కథగా చెప్పడం పరిపాటి. గుండు బరువు ఎంత, అది పోయే దూరం ఎంత అన్నవే లెక్క. నాకు అది సగం కథగానే కనిపిస్తుంది. మిగిలిన సగం కదలిక కథ. ఆ కదలిక ఎవరి భుజాల మీద సాగింది అన్నది అందులో ముఖ్యభాగం.

ఔరంగజేబు సేనతో ప్రయాణించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ మొగలుల పెద్ద ఫిరంగులను చూసి వర్ణించాడు. వాటిలో కొన్నింటిని లాగడానికి ఇరవై జతల ఎద్దులు కావలసి వచ్చేవి. దారి ఎత్తుగానో గతుకులుగానో ఉంటే ఏనుగులు వచ్చి తలలతో, తొండాలతో చక్రాలను నెట్టేవి. అటువంటి ఫిరంగులతోనే ఔరంగజేబు 1687 లో గోలకొండను చుట్టుముట్టాడు. ఎనిమిది నెలలు పట్టింది. చివరకు కోట లొంగింది కూడా ఫిరంగి దెబ్బకు కాదు. లోపలివాడొకడు తలుపు తీసినందుకు. గోలకొండ బురుజుల మీద ఉండిపోయిన ఫిరంగులను చూసినవారికి ఒక సంగతి తట్టకపోదు. అంతటి ఇనుమును ఎక్కించిన చేతుల పేర్లు ఎక్కడా లేవు.

ఎద్దులకు గడ్డి ఎక్కడిది? సేనకు ధాన్యం ఎక్కడిది? దక్కనులో సేనల వెంట వేల ఎడ్ల మీద ధాన్యం మోసినవారు బంజారాలు. ఈనాడు వికారాబాదు, తాండూరు చుట్టుపక్కల తండాలలో ఉన్న లంబాడాలు వారి సంతతివారే. ఫిరంగిని కదిలించినది మందుగుండు కాదు, ఈ ఎడ్లబిడారులే. కాని ఫిరంగి పేరు చరిత్రలోకి ఎక్కింది, బిడారు పేరు ఎక్కలేదు.

ఆ కాలంలోనే నడిచే ఫిరంగికి పూర్వరూపం ఒకటి ఉండేది. ఒంటె మూపున చిన్న ఫిరంగిని బిగించి, ఒంటెను మోకరిల్లజేసి కాల్చేవారు. దాన్ని జంబూరక్ అన్నారు. జంబూర్ అంటే కందిరీగ. కుట్టి ఎగిరిపోయే పురుగు పేరు పెట్టడంలోనే ఆ ఆయుధం యుక్తి అంతా ఉన్నది. ఈనాటి సైనిక పాఠశాలల్లో చెప్పే ‘కొట్టి తప్పుకో’ అన్న సూత్రానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు.

హైదరాబాదులో 1795 ప్రాంతంలో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాము కోసం ఫిరంగులు పోత పోయించాడు. ఆ చోటు ఇప్పటికీ గన్‌ఫౌండ్రీయే. 1798 లో నిజాము ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకోగానే ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేశారు. సొంత ఫిరంగి పోసుకునే అవకాశం అట్లా చేజారింది. ఆ తరువాత చాలాకాలం పాటు ఆయుధం అనేది మనకు బయటివాడు తెచ్చే వస్తువు అయింది.

యంత్రంతో నడిచే ఫిరంగి మొదటి ప్రపంచయుద్ధంలో వచ్చింది. 1917 లో బ్రిటిషువారు ట్యాంకు చట్రాన్ని మార్చి, ఫిరంగిని మోయగలిగే బండిని చేశారు. అటువంటివి 48 తయారైనవి. తమాషా ఏమంటే, వాటితో ఫిరంగి కాల్చినది తక్కువ, బురదలో సరకులు మోసినది ఎక్కువ. రెండవ ప్రపంచయుద్ధం నాటికి ఈ జాతి ఆయుధం కుదురుకున్నది. అమెరికా చేసిన ఒక నడిచే ఫిరంగి మీద మరతుపాకి నిలిపే గుండ్రని అర చర్చిలో ఉపదేశం చేసే వేదికలాగా ఉండేది. దాన్ని చూసి బ్రిటిషు సైనికులు ప్రీస్ట్ అని పిలిచారు. అప్పటికే వారిదొకటి బిషప్. తరువాత సెక్స్‌టన్ వచ్చింది. తమ ఊరి చర్చిలోని పేర్లన్నీ ఆయుధాలకు పెట్టుకున్నారు. మంచో చెడో, ఆ వస్తువు వారి భాషలోకి వచ్చి కూర్చున్నది.

కదలిక ఎంతటి తేడా తెస్తుందో తెలుసుకోవడానికి మనం ఐరోపా దాకా పోనక్కరలేదు. 1948 సెప్టెంబరు 13 న భారతసేన ప్రధానభాగం షోలాపూరు వైపు నుంచి హైదరాబాదు రాజ్యంలోకి ప్రవేశించింది. నల్దుర్గం, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా వచ్చింది. 17 న నిజాము కాల్పుల విరమణ ప్రకటించాడు. గోలకొండకు ఎనిమిది నెలలు. హైదరాబాదుకు ఐదు రోజులు. రాజకీయ బలాబలాలు వేరన్న సంగతి నిజమే. అయినా ఇంజన్లూ గొలుసుపట్టాలూ లేకుండా ఆ ఐదు రోజుల లెక్క కుదిరేది కాదు.

స్వతంత్ర భారతం నడిచే ఫిరంగి కోసం చాలాకాలం తంటాలు పడింది. రష్యా 130 మిల్లీమీటర్ల ఫిరంగిని విజయంత ట్యాంకు చట్రం మీద ఎక్కించి కాటపుల్ట్ అన్నారు. అర్జున్ ట్యాంకు చట్రం మీద దక్షిణాఫ్రికా టరెట్‌ను నిలిపి భీమ్ అనే దాన్ని తలపెట్టారు. ఆ సంస్థ మీద ముడుపుల ఆరోపణలు రావడంతో 2005 లో అది ఆగిపోయింది. చివరకు 2017 లో కొరియా నమూనా మీద 100 కె-9 వజ్ర ఫిరంగులకు ఒప్పందం కుదిరింది. గుజరాతులోని హజీరాలో తయారై 2021 ఫిబ్రవరికి అన్నీ అందినవి. ఎడారి కోసం కొన్న వాటిలో కొన్నింటిని లడాఖు ఎత్తులకు కూడా ఎక్కించారు. 2024 డిసెంబరులో మరో ఒప్పందం జరిగింది. విలువ సుమారు 7,629 కోట్లు.

ఈ కథలో మన ఊళ్ళ పేరు లేదనుకుంటే పొరపాటు. ఎద్దుమైలారం కర్మాగారం 1984 లో మొదలైనది. అప్పట్లో అది మెదకు జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసిన తరువాత అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్ళింది. అక్కడి ముఖ్యమైన ఉత్పత్తి రష్యా బీఎంపీ-2 నమూనా మీద చేసే వాహనం. మనవాళ్ళు దానికి సారథ్ అని పేరు పెట్టారు. పధ్నాలుగు టన్నుల బరువు, ముగ్గురు సిబ్బందినీ ఏడుగురు సైనికులనూ మోస్తుంది, నీటిలో ఈదుతుంది. ఇది ట్యాంకు కాదు, సైనికులను పోరు దగ్గరికి చేర్చే బండి. ఆ చట్రం మీదే 81 మిల్లీమీటర్ల మోర్టారును లోపల నిలిపి, పైకప్పు తలుపులు తెరిచి కాల్చే వాహనాన్నీ రూపొందించారు. అదే మన గడ్డ మీద తయారైన నడిచే ఫిరంగి. చిన్నదే గాని, జాతి అదే. అదే చట్రం మీద నాగ్ క్షిపణిని మోసే నామికా కూడా వచ్చింది. నాగ్‌ను రూపొందించినది హైదరాబాదులోని డీఆర్‌డీఎల్. 2025 మార్చిలో ఈ క్షిపణి వాహనాలకు సుమారు 1,801 కోట్ల ఒప్పందం అయింది. శంకరపల్లి నుంచి కంచనబాగు దాకా ఇంత పని జరుగుతుండగా, అదేమిటో ఒక విద్యార్థికి విడమరచి చెప్పే తెలుగు పుస్తకం కోసం మాత్రం వెతుక్కోవలసిందే.

ఇప్పుడు దామగుండానికి వద్దాం. మూసీ పుట్టే అనంతగిరి కొండల పొరుగున, పూడూరు మండలంలో ఉన్న అడవి అది. లోపల రామలింగేశ్వరుని గుడి ఉన్నది. 2024 అక్టోబరు 15 న రక్షణమంత్రి అక్కడ నావికాదళ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాలు, 3,200 కోట్ల అంచనా. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తరువాత ఇది ఇటువంటి రెండవ కేంద్రం. దీన్ని మన పత్రికలూ నాయకులూ కూడా రాడారు కేంద్రమనే అన్నారు.

రాడారు కన్ను వంటిది. తరంగాన్ని పంపి, తగిలి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి వస్తువును చూస్తుంది. ఇందాక చెప్పిన స్వాతి అటువంటిది. దామగుండంలో రాబోయేది కన్ను కాదు, గొంతు. అతి తక్కువ పౌనఃపున్యం గల రేడియో తరంగాలతో సముద్రంలోని జలాంతర్గాములకు సందేశాలు పంపే ప్రసార కేంద్రం. మామూలు రేడియో తరంగం ఉప్పునీటిలో వెంటనే నశిస్తుంది. మూడు నుంచి ముప్పై కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉండే ఈ తరంగాలు మాత్రం నీటిలోకి కొన్ని మీటర్ల లోతు దిగగలవు. ఒక్కొక్క తరంగం పొడవు పది నుంచి వంద కిలోమీటర్లు. అందుకే అంత పెద్ద గోపురాలు, తీగల పందిళ్ళు, అన్నేసి ఎకరాలు. ఈ తరంగాలు భూమికీ పై వాతావరణపు అయనావరణానికీ నడుమ చాలా దూరం పోగలవు గనుక సముద్రం లేని చోట కట్టినా ఇబ్బంది లేదు. సందేశం మెల్లగా, అక్షరాలుగా పోతుంది, మాటలు పోవు. జలాంతర్గామి వినగలదు గాని అదే దారిన బదులు చెప్పలేదు, అంతటి గోపురాన్ని అది మోయలేదు గదా.

ఎవరి కోసం ఈ గొంతు? విశాఖపట్నంలోనే నిర్మాణమై 2009 లో జలప్రవేశం చేసిన అరిహంత్, 2024 ఆగస్టులో నావికాదళంలో చేరిన అరిఘాత్ వంటి అణు జలాంతర్గాముల కోసం కూడా. అణ్వాయుధాన్ని మనం ముందుగా ప్రయోగించబోమని 2003 లో ప్రకటించిన విధానం మనది. అటువంటప్పుడు, దెబ్బ తిన్న తరువాత కూడా బతికి ఉండి బదులివ్వగల ఆయుధం ఒకటి ఉండాలి. అది సముద్రంలో దాక్కొని తిరిగే జలాంతర్గామి. అది పైకి తేలితే దాని దాపరికం పోతుంది. కనుక లోపలికే మాట చేరవేయాలి. కందిరీగ సూత్రమే ఇక్కడా ఉన్నది: కదులు, కనిపించకు.

ఈ కేంద్రం అనవసరమని నేను అనడం లేదు. పైన చెప్పిన విధానాన్ని ఒప్పుకుంటే ఇటువంటి గొంతు కావలసిందే. నేను అనేది వేరు. కదిలే ప్రతి ఆయుధమూ తన బరువును కదలలేని చోటొకదాని మీద మోపుతుంది. ఆనాడు ఎడ్లబిడారుల మీద, పచ్చిక బీళ్ళ మీద మోపింది. నేడు జలాంతర్గామి ఎక్కడుందో శత్రువుకు తెలియదు. దానితో మాట్లాడే గోపురం ఎక్కడుందో లోకమంతటికీ తెలుసు. సంచరించే ఆయుధం దాక్కుంటుంది. పూడూరు మండలం దాక్కోలేదు.

దీనికి ఒక ఎదురుమాట ఉన్నది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1874 లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వేసినప్పుడు, బొంబాయి దారితో ఇంగ్లీషు కంటోన్మెంటును కలపడం అందులోని లాభాల్లో ఒకటి. ఖర్చు నిజాముది. అది కూడా ఒక విధంగా సేనల బరువే. కాని ఆ దారే వికారాబాదును జంక్షను చేసింది. తాండూరు నాపరాయిని దేశం మీదికి పంపింది. తాండూరు కందులకు 2022 లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, తరతరాలుగా ఆ కందిని బజారుకు చేర్చిన దారుల్లో ఈ రైలూ ఉన్నది. సైనికావసరం తెచ్చినది ఊరికి మేలు కూడా చేయవచ్చు. ఎద్దుమైలారం కర్మాగారమూ ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టింది.

అయితే రైలుకూ ఈ కేంద్రానికీ ఒక భేదం ఉన్నది. రైలు తలుపు తెరిచి ఉంటుంది; టిక్కెట్టు కొన్నవాడు ఎక్కవచ్చు. నావికాదళం కంచె మూసి ఉంటుంది. అందుచేత లాభనష్టాలను ముందుగానే, తెరిచిన పుస్తకంలా, ఊరివారితో మాట్లాడవలసిన అవసరం ఇక్కడ ఎక్కువ.

మాట్లాడినది ఏమిటి? రాడారు అన్నారు గనుక కిరణాలని భయపడ్డారు. కిరణాల వల్ల ఏమీ కాదని అటువారు బదులు చెప్పారు. వాదమంతా అక్కడే తిరిగింది. నిజానికి ఈ తరంగాలు ఎక్స్‌రేల వలె అణువులను చీల్చే జాతివి కావు. గోపురానికి మరీ దగ్గరలో క్షేత్రబలం ఎక్కువ ఉంటుంది గనుక అక్కడ హద్దులు పాటించాలి. అంతమాత్రం చేత అడవి గురించిన ప్రశ్నలన్నీ తీరిపోయినట్లు కాదు. సరైన పేరుతో పిలిచి ఉంటే అడగవలసిన ప్రశ్నలు వేరుగా ఉండేవి. తీగల పందిరి కింద ఎంతమేర నేలను చదును చేస్తారు? మిగిలిన అడవిని ఎట్లా ఉంచుతారు? కొట్టే చెట్ల లెక్క ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతుంటే దాన్ని బహిరంగంగా సరిచూసేది ఎవరు? బదులుగా నాటే మొక్కలు ఎక్కడ, వాటిని పదేళ్ళ తరువాత లెక్కపెట్టేది ఎవరు? మూసీలోకి దిగే వాగుల మాటేమిటి? పశువులు మేసే దారి, గుడికి పోయే దారి కాగితం మీద ఉన్నవా, నోటిమాటగా ఉన్నవా? యుద్ధమే వస్తే ఇటువంటి కేంద్రం శత్రువు చూపులో ఉంటుంది గదా, చుట్టుపక్కల ఊళ్ళకు ఏ ఏర్పాటు ఉన్నది?

వీటిలో ఏ ఒక్కటీ దేశరహస్యం కాదు. కేంద్రం ఎక్కడ, ఎంత, ఎందుకు అన్నది శంకుస్థాపన నాడు ప్రభుత్వమే చెప్పింది. రహస్యంగా ఉండవలసినది అందులోంచి పోయే సందేశం. గొర్రెలకాపరి దారి కాదు.

వ్యాజ్యాలు హైకోర్టు దాకా పోయినవి. ఆ కాగితాల భాష ఇంగ్లీషు. పర్యావరణ నివేదికల భాష ఇంగ్లీషు. తెలుగులో మిగిలినది నినాదం, దానికి ప్రతినినాదం. దేశభక్తి అని ఒకరు, విధ్వంసం అని ఒకరు. తన భాషలో వస్తువు పేరే సరిగా అందనివాడు ఆ రెండింటిలో ఒకదాన్ని అందుకోక ఏం చేస్తాడు? అతని అజ్ఞానాన్ని ఎగతాళి చేసే హక్కు, అతనికి తెలియజెప్పే శ్రమ పడనివారికి లేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఇటువంటి నిర్మాణం ఎక్కడ వచ్చినా, అది ఏమిటి, ఎట్లా పనిచేస్తుంది, ఎంత నేల తీసుకుంటుంది, బదులుగా ఏమి రాసి ఇస్తున్నది అన్న నాలుగు సంగతులూ నాలుగు పుటల తెలుగులో గ్రామపంచాయతీ గోడ మీద ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి. ప్రభుత్వం చేయకపోతే, తెలుగులో రాయగల మనబోటివాళ్ళం చేయవచ్చు. ఆయుధాల మీద ఇష్టం ఉన్నా లేకపోయినా, వాటి పక్కన బతుకుతున్నాం గనుక వాటి గురించి మన మాటల్లో మాట్లాడుకోవడం నేర్చుకోక తప్పదు.

ప్రస్తుతానికి నా వంతు రెండు మాటలు. సెల్ఫ్ ప్రొపెల్డ్ గన్‌కు స్వయంచోదిత శతఘ్ని అని కొయ్యబారిన సమాసం కంటే నడిచే ఫిరంగి మేలు. దామగుండంలోని దానికి రాడారు అని కాక జలాంతర్గామి ప్రసార కేంద్రం అందాం. ఇంతకన్నా తేలికైనవి, పూడూరు రైతు నోట పలికేవి మీకు తోస్తే తప్పక చెప్పండి. వాటినే వాడుకుందాం.